న్యూ డీల్ ని పథకాల లిస్టులా చదవకండి: జీఎస్ 1 లో నాకు కలిసొచ్చిన టాపిక్ గురించి

సివిల్స్ ఫైనల్ లిస్ట్ లో నా పేరు వచ్చినప్పటి నుంచి ఫోన్ ఆగట్లేదు, చాలామంది తమ్ముళ్లు చెల్లెళ్లు అడుగుతున్నది ఒకటే, వరల్డ్ హిస్టరీ ఎలా చదివావన్నా అని. ప్రిలిమ్స్, సీశాట్, కరెంట్ అఫైర్స్ గురించి నాకంటే బాగా చెప్పినవాళ్లు ఉన్నారు, పాత ప్రశ్నలు (పీవైక్యూలు) చెయ్యండి, రివిజన్ ఆపకండి, అంతే. నేను మాత్రం గ్రేట్ డిప్రెషన్ (1929 తర్వాత వచ్చిన మహా మాంద్యం), దాన్ని ఎదుర్కోవడానికి అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్ట్ తెచ్చిన న్యూ డీల్ గురించే చెప్తా, ఎందుకంటే నా ఆన్సర్ రైటింగ్ మారింది అక్కడే.

2013 మెయిన్స్ జీఎస్ 1 (జనరల్ స్టడీస్ మొదటి పేపర్) ప్రశ్న మీకందరికీ తెలుసు, మహా మాంద్యాన్ని అదుపు చెయ్యడానికి ఏ విధానాలు వాడారు అని. నోట్స్ లో దీనికి ఏఏఏ (వ్యవసాయం), సీసీసీ (యువతకి పని), టీవీఏ (డ్యామ్‌లు, కరెంటు), డబ్ల్యూపీఏ (ఉపాధి పనులు) అని న్యూ డీల్ పథకాలు వరసగా ఉంటాయి, అందరూ అదే దించుతారు, అందరికీ అవే మార్కులు పడతాయి. టెస్ట్ సిరీస్ లో నా పేపర్ దిద్దిన మెంటర్ కింద ఒక్క లైన్ రాశారు: ఇవన్నీ తెచ్చిందెవరు, 1933 లోనే ఎలా తేగలిగారు? ఆ ప్రశ్న పట్టుకుని కూర్చున్నా.

జవాబు దొరికింది 1911 లో. ఆ మార్చి 25న న్యూయార్క్ లో ట్రయాంగిల్ అనే బట్టల ఫ్యాక్టరీ తగలబడి 146 మంది చనిపోయారు, ఎక్కువమంది వలస వచ్చిన ఆడపిల్లలే. తలుపుకి తాళం వేసి ఉంటే బయటికి దారిలేక పై అంతస్తుల కిటికీల్లోంచి దూకేశారు. కింద నిలబడి అది కళ్లారా చూసినవాళ్లలో ఫ్రాన్సిస్ పెర్కిన్స్ ఒకరు. అంతకుముందు ఆమె చికాగోలో జేన్ ఆడమ్స్ పెట్టిన హల్ హౌస్ లో సేవ చేసింది (చదువుకున్నవాళ్లు పేదల వాడకే వచ్చి అక్కడే ఉంటూ పనిచేసే సెటిల్‌మెంట్ హౌస్ అది, ఈ ఉద్యమం గురించి నోట్స్ లో ఎక్కడా ఉండదు, విడిగా చదవండి). ప్రమాదం తర్వాత రాష్ట్రం ఫ్యాక్టరీల మీద విచారణ కమిషన్ వేసింది, ఛైర్మన్ రాబర్ట్ వాగ్నర్, వైస్ ఛైర్మన్ ఆల్ స్మిత్, ఇద్దరూ డెమొక్రాట్లు, పక్కా లోకల్ పార్టీ మనుషులు. పెర్కిన్స్ వాళ్లని ఫ్యాక్టరీల చుట్టూ తిప్పింది. ఒకచోట ఫైర్ ఎస్కేప్ అని పేరుపెట్టిన గోడ కంతలోంచి వాగ్నర్ ని స్వయంగా పాకించింది, ఆ కంత బయట మంచు పేరుకున్న నిచ్చెన, అది నేలకి 12 అడుగుల పైనే ఆగిపోయింది.

ఇప్పుడు 22 ఏళ్లు ముందుకి రండి. 1933 లో రూజ్వెల్ట్ కేబినెట్ లో లేబర్ సెక్రటరీ ఆ పెర్కిన్సే, అమెరికాలో కేబినెట్ లోకి వచ్చిన మొదటి మహిళ. 1935 కార్మిక చట్టం (దాన్నే వాగ్నర్ యాక్ట్ అంటారు) తెచ్చిన సెనేటర్ ఆ వాగ్నరే. రిలీఫ్ డబ్బు పంచిన హ్యారీ హాప్కిన్స్ కూడా న్యూయార్క్ సెటిల్‌మెంట్ హౌస్ నుంచి వచ్చిన సోషల్ వర్కరే, 1933-34 చలికాలంలో సీడబ్ల్యూఏ అనే ప్రభుత్వ పనుల పథకం కింద సుమారు 40 లక్షల మందికి పని చూపించాడు. అంటే న్యూ డీల్ రూజ్వెల్ట్ మొదటి 100 రోజుల్లో పుట్టలేదు, వాడల్లో పనిచేసినవాళ్లు, యూనియన్లు, డెమొక్రాటిక్ పార్టీ కలవడానికి 20 ఏళ్లు పట్టింది. ఈ ఒక్క వాక్యం నా ఇంట్రో అయింది.

వాగ్నర్ యాక్ట్ నాకు సులువుగా ఎక్కడానికి ఇంకో కారణం ఉంది, మాది గోదావరిఖని, మా బాపుది బొగ్గుబాయి పని. గుర్తింపు సంఘం ఎన్నికలొస్తే గేట్ మీటింగులు, జెండాలు, ఏ సంఘం గెలుస్తదని ఇంట్లో పంచాయితీ, ఇవన్నీ చిన్నప్పటి నుంచి చూసినవే. సింగరేణిలో 1998 నుంచి సీక్రెట్ బ్యాలెట్ తో జరుగుతున్న పద్ధతికీ వాగ్నర్ యాక్ట్ కీ మూలసూత్రం ఒకటే, కార్మికులు ఓటేసి ఎన్నుకున్న సంఘంతో యాజమాన్యం మాట్లాడి తీరాలి. తేడా ఏంటంటే మన దగ్గర ఏరియాల వారీగా ప్రాతినిధ్య సంఘాలు కూడా ఉంటాయి, అక్కడ మెజారిటీ వచ్చిన యూనియన్ ఒక్కటే బేరం ఆడుతుంది. ఇంటర్వ్యూలో సింగరేణి గురించి అడిగితే ఇదే చెప్పా, బోర్డు ఆసక్తిగా విన్నది.

చట్టం వస్తే సరిపోదు అన్న పాయింట్ కి మిషిగన్ రాష్ట్రంలోని ఫ్లింట్ లో జరిగిన సమ్మె రాయండి. 1936 డిసెంబర్ 30న జనరల్ మోటార్స్ కార్మికులు ప్లాంట్ లోనే కూర్చుండిపోయారు, 44 రోజులు. యాజమాన్యం హీటింగ్ ఆపేసింది, పోలీసులు టియర్ గ్యాస్ వేశారు, లోపలివాళ్లు కారు డోర్ల కీళ్లు విసిరి ఫైర్ పైపులతో నీళ్లు కొట్టి నిలబడ్డారు. మిషిగన్ గవర్నర్ ఫ్రాంక్ మర్ఫీ నేషనల్ గార్డ్ ని దించాడు కానీ కార్మికుల్ని ఖాళీ చేయించడానికి వాడలేదు, నా లెక్కలో సమ్మె గెలిచింది అక్కడే. మర్ఫీ డెమొక్రాట్, 1936 ఎన్నికల్లో జాన్ లూయిస్ నడిపే గని కార్మికుల యూనియన్ దాదాపు 5 లక్షల డాలర్లు ఆ పార్టీకి ఖర్చుపెట్టింది, రూజ్వెల్ట్ 48 లో 46 రాష్ట్రాలు గెలిచాడు. ఓటూ సమ్మే చట్టమూ ఒకదాన్నొకటి ఎలా మోశాయో ఇంతకంటే బాగా చూపించే ఉదాహరణ నాకు దొరకలేదు.

ఒక్క 10 మార్కుల ప్రశ్నకి ఇంత అవసరమా, టైమ్ వేస్ట్ అని రూమ్ లో చాలామంది అన్నారు. వేస్ట్ కాదు. ఇదే మెటీరియల్ నాకు ఎస్సేలో పనికొచ్చింది, జీఎస్ 2 బలహీన వర్గాల దగ్గర పనికొచ్చింది, జీఎస్ 4 లో పెర్కిన్స్ ని రాశా. పది టాపిక్కులు పైపైన తిరగేసే బదులు ఒకటి లోతుగా దిగి చదవండి, రోజూ ఒక ఆన్సర్ చేత్తో రాయండి, మూడ్ లేదు, రేపు రాస్తా అంటే కుదరదు, పెళ్లిళ్లూ పండగలూ వదులుకున్నా నేను, దానికి నాకేం బాధ లేదు.

విమర్శ తప్పకుండా రాయాలి. వాగ్నర్ యాక్ట్ లోనూ 1935 సోషల్ సెక్యూరిటీ లోనూ వ్యవసాయ కూలీల్ని, ఇళ్లలో పనిచేసేవాళ్లని బయటే ఉంచారు, దక్షిణాది నల్లజాతివాళ్లలో ఎక్కువమంది చేసేది ఆ పనులే, డెమొక్రాటిక్ పార్టీకే చెందిన దక్షిణాది సభ్యుల ఓట్లు లేకుండా బిల్లులు పాసయ్యేవి కావు. 1937-38 లో మళ్లీ మాంద్యం వచ్చింది, నిరుద్యోగం పూర్తిగా తగ్గింది రెండో ప్రపంచ యుద్ధంతోనే.

ఇంకోటి, ఆ ప్రశ్నలో అమెరికా అన్న మాటే లేదు. 1931 లో బ్రిటన్ గోల్డ్ స్టాండర్డ్ (కరెన్సీ విలువని బంగారానికి కట్టెయ్యడం) వదిలెయ్యడం, స్వీడన్ లో 1932 లో సోషల్ డెమొక్రాట్లు అధికారంలోకి రావడం, 1938 లో అక్కడి యూనియన్లూ యజమానులూ తమ గొడవలు తామే తేల్చుకునేలా సాల్ట్‌షేబాడెన్ ఒప్పందం చేసుకోవడం, వీటికి ఒక్కో లైన్ కేటాయించండి.