పేలని కొండ, మా క్వారీ నల్లరాయి

2007లో పొక్లెయిన్ ఆపరేటర్‌గా సౌదీ వెళ్ళాను. అంతకుముందు చిత్తూరు దగ్గర నల్ల గ్రానైట్ క్వారీలో ఆరేళ్ళు అదే పని. రాయి గురించి నాకు తెలియనిదేముందిలే అనుకునేవాణ్ణి. ఎర్రసముద్రం ఒడ్డునున్న యన్బూ ఊరి అవతల, అల్ ఈస్ వైపు రోడ్డు పనికి తీసుకెళ్ళినప్పుడు దిగింది ఆ పొగరు. కనుచూపు మేర నల్లటి నేల, అడుగంటి మాడిన సంగటి కుండని బోర్లించినట్టు. లావా పారి గడ్డకట్టిన ఇలాంటి బీడుని అక్కడ హర్రా అంటారు. మాది హర్రత్ లునయ్యిర్. అందులో అగ్నిపర్వతాల దిబ్బలు యాభై దాకా ఉన్నాయి. ఆ రాయి చేతికి తీసుకుంటే ఇడ్లీలాగా అన్నీ బొక్కలే, కానీ అంచులు గాజుపెంకులు, నా గ్లవుజులు వారం ఆగేవి కాదు.

2009 ఏప్రిల్లో మొదలైంది. రాత్రి పడుకుంటే మంచం కింద లారీ పోయినట్టు గుర్రుమనేది, నీళ్ళ క్యాన్‌లో అలలు లేచేవి. మొదట్లో పక్కన బ్లాస్టింగ్ అనుకున్నాం, మాకది అలవాటే కదా, అయితే చుట్టుపక్కల క్వారీలే లేవు. మే 19న అన్నం తింటుంటే పెద్ద భూకంపం వచ్చింది, తీవ్రత 5.4 అని తర్వాత తెలిసింది. ఎడారిలో నేల 8 కిలోమీటర్ల పొడవున నెర్రె విచ్చింది. అగ్నిపర్వతం పేలుతుందేమోనని సర్కారు 40 వేల మంది దాకా జనాన్ని యన్బూ, మదీనాలకి తరలించింది. మా కంపెనీ మాత్రం మిషన్ల దగ్గరే ఉండమంది, పాస్‌పోర్టులు వాళ్ళ దగ్గర, ఎక్కడికని పోతాం? రెండు రోజుల తర్వాత సివిల్ డిఫెన్స్ వాళ్ళొచ్చి కేకలేస్తే గానీ బస్సు పెట్టలేదు. పని జరగలేదని ఆ రోజుల జీతం కోశారు, అది వేరే కథ.

ఇంటికి ఫోన్ చేస్తే మా ఆవిడ, "ఏందయ్యా, టీవీలో ఏమీ చూపించడం లే, నువ్వేమో కొండ పేలతాదంటావు, తాగి మాట్లాడతా ఉండావా?" అంది. సౌదీలో తాగడం!

కొండ పేలలేదు. రెండు మూడు నెలల్లో 30 వేలకి పైగా అదుర్లు లెక్కపెట్టారు, తర్వాత తగ్గిపోయాయి. ఎర్రసముద్రం ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు వెడల్పవుతోంది, ఆఫ్రికా అటు, అరేబియా ఇటు జరుగుతున్నాయి. ఆ లాగుడుకి అరేబియా పడమటి అంచున నేల సాగి పలచబడుతుంది, కింద వేడికి కరిగిన రాయి సందు దొరికిన చోట పైకి తోసుకొస్తుంది. అలా పరుచుకున్న హర్రాలన్నీ కలిపితే సుమారు 1,80,000 చదరపు కిలోమీటర్లు. ఇదంతా ఏనాటిదోలే అనుకోవడానికీ లేదు, 1256లో మదీనా పక్కన హర్రత్ రహత్ 52 రోజులు లావా కక్కింది, 23 కిలోమీటర్లు పారి ఊళ్ళోకి రాకుండా ఆగింది. 2009లో మా కింద కరిగిన రాయి నిలువు చీలికలో గోడలాగా లేచి, పైకి ఇంకా రెండు కిలోమీటర్లు కూడా లేదనగా ఆగిపోయిందట. ఆ గోడని డైక్ అంటారు.

ఆ మాట వినగానే నాకు ఒళ్ళు జల్లుమంది. డైక్ అంటే మా క్వారీ! చిత్తూరు, కుప్పం వైపు మనం తవ్వి పాలిష్ పట్టి సమాధులకీ వంటింటి గట్లకీ పంపే నల్లరాయిని గ్రానైట్ అంటాం గానీ, అది నిజానికి డోలరైట్ అనే వేరే రాయి. తెల్లబండ మధ్యలో నల్లగా, నిటారుగా, మైళ్ళకొద్దీ బారుగా ఎందుకుంటుందో ఆరేళ్ళలో ఒక్కసారి కూడా నేను అడగలేదు. అదీ చీలికలోకి ఎక్కి, లోపలే నిదానంగా చల్లారిన కరుగు రాయే. పైనున్న నేలంతా కోట్ల ఏళ్ళ వానకి గాలికి కొట్టుకుపోయాక ఇప్పుడు మన పొక్లెయిన్ బకెట్‌కి తగులుతోంది. 200 కోట్ల ఏళ్ళకి పైబడిన రాయి.

సెలవులో వచ్చినప్పుడు ఒక గుల్లరాయి తెచ్చి నాయన చేతిలో పెట్టి ఇదంతా చెప్పాను. ఆయన కూడా క్వారీ మనిషే, ఉలితో బ్లాకులు చీల్చినోడు. రాయి అరచేతిలో ఎగరేసి బరువు చూశాడు. "అంటే మన క్వారీ కింద కూడా అప్పుడు అట్లే అదిరిందంటావు?"

అదిరే ఉంటుంది అన్నాను.

"మరి అప్పుడు మిషన్ల దగ్గర ఎవురిని పెట్టినార్రా?"