గుంటూరులో 'గుంటూరు కారం'

మిర్చి యార్డు ఉన్న ఊళ్లో ఉంటూ కారం ప్యాకెట్ వెనక సన్న అక్షరాలు చదవాల్సి వస్తోంది, ఏం చేస్తాం. మొన్న ఓ కొట్లో చూశా, ముందువైపు పెద్దగా 'గుంటూరు స్పెషల్', తిప్పి చూస్తే తయారీ వేరే రాష్ట్రం, మిర్చి ఏ రకమో ఎక్కడా లేదు. గుంటూరు సన్నం రకం మిర్చికి జీఐ గుర్తింపు, అంటే ఆ పేరు ఈ ప్రాంతం సరుకుకే చెందుతుందనే గుర్తింపు ఉంది, అయినా ఆ పేరు అందరికీ లోకువే.

పైగా కుంకుమలా ఒకటే ఎరుపు. తేజ మిర్చికి ఘాటు ఎక్కువే గానీ అంత రంగు రాదు. రంగు కోసం కర్ణాటక బ్యాడిగి మిర్చి కలిపితే ఫర్వాలేదు, అసలు టెన్షన్ తిండిలో వాడకూడని సూడాన్ అనే కృత్రిమ రంగులతోనే. 2003లో మన దేశం నుంచి వెళ్లిన కారంలో సూడాన్-1 బయటపడి యూరప్‌లో పెద్ద గొడవైంది. కల్తీ రంగు పట్టుకోవడానికి గ్లాసు నీళ్లలో కారం చల్లి చూడమని వాట్సాప్‌లో తెగ ఫార్వర్డ్ చేస్తుంటారు కదా, సూడాన్ నూనెలో కరిగే రంగు, ఆ గ్లాసుకి దొరకదు, ల్యాబ్‌కి పంపాల్సిందే.

మా పిన్ని అసలు పొడి కొనదు. కాయలు కొని, తొడిమలు తీసి, మేడ మీద ఎండబెట్టి మర పట్టిస్తుంది. అక్కడా అనుమానమే: "ముందాడించిన వాళ్ల కారం దులిపావా బాబూ?"