లేని కారుకి జాగా

నాలుగు నెలలుగా అద్దె ఇల్లు వెతుకుతున్నాను. నిన్న ఒకాయన "పైన ఇంకో పోర్షన్ వేసి ఇద్దామనుకున్నానమ్మా, పర్మిషన్ రాలేదు" అంటూ ప్లాన్ కాగితం తెచ్చి చూపించారు. ఇంటి ముందు జాగా చుట్టూ ఎర్ర ఇంకుతో సున్నా. ఇంకో కారు పార్కింగ్‌కి చోటు చాలదట. నాకు కారే లేదు, ఉన్నది ఒక సైకిల్!

అద్దెలు పెరగడమంటే ఓనర్ల ఆశే అనుకునేదాన్ని ఇన్నాళ్లూ. ఆశ ఉండదని కాదు గానీ, రావాల్సిన పోర్షన్లు కాగితం మీదే ఆగిపోతే ఉన్న నాలుగింటి కోసమే అందరం ఎగబడాలి కదా. అమెరికాలోని హ్యూస్టన్‌లో 1998లో నగరం నడిమి ప్రాంతంలో ఇంటికి ఉండాల్సిన కనీస స్థలాన్ని 5,000 చదరపు అడుగుల నుంచి 1,400కి తగ్గించారు. ఒక్క పాత ఇల్లున్న చోట మూడేసి సన్నటి ఇళ్లు లేచాయి.

అలాగని రూల్స్ అన్నీ ఎత్తేయమనను. పట్టపగలు లైటు వేసుకోవాల్సిన గదులు కూడా చూశాను ఈ నాలుగు నెలల్లో. సెట్‌బ్యాక్, అంటే ఇంటి చుట్టూ ఖాళీ జాగా, ఎందుకు వదలమంటారో అక్కడ నిలబడితే తెలిసింది. కానీ లేని కారుకి జాగా ఏమిటి?

ఆయన కాగితం మడిచి బీరువాలో పెట్టేశారు. రేపు ఇంకో రెండు ఇళ్లు చూడాలి.