కడిగి ఆరబెట్టాం, అంతేనట

పదకొండున్నర దాటింది. అత్తయ్య లైటు ఆర్పమని రెండుసార్లు అన్నారు. ఇది రాస్తే గానీ నిద్ర పట్టేలా లేదు.

హైడ్రోజన్, ఆక్సిజన్‌లతో కరెంటు తీసే ఫ్యూయల్ సెల్ కోసం మా ల్యాబ్‌లో కార్బన్ మీద ప్లాటినం పట్టించిన ఉత్ప్రేరకం పొడి చేస్తాం. ఇవాళ్టి బ్యాచ్ చక్కగా కుదిరింది. ఇథిలీన్ గ్లైకాల్ అనే ద్రవంలో పసుప్పచ్చగా ఉన్న క్లోరోప్లాటినిక్ ఆమ్లం (ప్లాటినం, క్లోరిన్ ఉన్న ఆమ్లం), 130 డిగ్రీల దగ్గర ముదిరి ముదిరి డికాక్షన్ రంగుకి వచ్చింది. ఎన్నిసార్లు చూసినా ఆ క్షణం నాకిష్టం. కార్బన్ కలిపి, ఆమ్లం చుక్కలు వేశాక నల్లపొడి అడుక్కి దిగింది, పైన నీరు తేటగా మిగిలింది. ప్లాటినం అంతా కార్బన్‌ని పట్టుకుందని అర్థం.

ఇక పొడిలోని క్లోరైడ్ పోయేదాకా కడగడం ల్యాబ్‌లో మా కుర్రాడికి అప్పజెప్పాను. కడిగిన నీళ్ళలో వెండి నైట్రేట్ చుక్క వేస్తే తెల్లగా విరిగిందంటే క్లోరైడ్ ఇంకా ఉన్నట్టు. సాయంత్రం చూస్తే పొడి ఓవెన్‌లో ఉంది. క్లోరైడ్ పోయిందా అనడిగితే, "ఎంత కడిగినా తెల్లగానే వస్తోందక్కా, ఇంక చాల్లే అనుకున్నా" అన్నాడు. ఒళ్ళు మండింది. ఆ ఆమ్లంలో ఒక్కో ప్లాటినం వెంట ఆరు క్లోరిన్లు వస్తాయి. అవి పోకపోతే ప్లాటినం మీదే తిష్ట వేసి ఆక్సిజన్‌కి చోటివ్వవు. పైగా హైడ్రోజన్ పెరాక్సైడ్ ఎక్కువై, సెల్‌లో రెండు వైపుల మధ్య ఉండే పొర దెబ్బతింటుంది. అసలే హైడ్రోజన్ వైపు చిటికెడు ప్లాటినంతో గడిచిపోతుంది, ఆక్సిజన్ వైపే మనకి తిప్పలు.

దానికి తోడు ఫిల్టర్ పేపర్లు చెత్తబుట్టలో పడేశాడు! నల్లగా అంటుకున్నదాంట్లో ప్లాటినం ఉంది కదా. ప్రొద్దుటూరులో అమ్మమ్మ వాళ్ళ వీధిలో కంసాలి తాతగారు గుర్తొచ్చారు. కుంపటి ముందు ఊదుగొట్టంతో కూర్చునేవారు. లేచేముందు ఒళ్ళోని గుడ్డ దులిపి, కింద చిన్న చీపురుతో మూలమూలలా ఊడ్చి, ఆ దుమ్మంతా డబ్బాలోకి ఎత్తేవారు. మేం పిల్లలం అరుగు మీంచి లోపలికి అడుగుపెడితే ఊరుకునేవారు కాదు, కాళ్ళకి అంటుకుని పోతుందని. ఆ దుమ్ము కొనుక్కుపోయి, కడిగి బంగారం తీసేవాళ్ళు ఉండేవారు. చెత్తకి డబ్బులిస్తారా అని అమ్మమ్మని ఎంత వేధించానో! బుట్టలోంచి ఆ పేపర్లు ఏరి సీసాలో దాచాను, మూతకి చీటీ అంటించాను.

అయినా ఆ కుర్రాణ్ణి అని ఏం లాభం? ఏ పరిశోధన వ్యాసం తిరగేసినా "బాగా కడిగి, 80 డిగ్రీల దగ్గర ఆరబెట్టాం" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఎన్ని నీళ్ళు, వేడివా చల్లవా, ఎప్పుడు ఆపాలి, ఒక్కటీ ఉండదు. రోజంతా పట్టే పనికి అరలైను. చదివేవాడు దాన్ని చిన్నపని అనుకోక ఏమనుకుంటాడు? ఈ కోపం మాత్రం తగ్గదు.

ఇంకోటి, ఇంతవరకూ రాశాక తట్టింది. వాడు పరీక్షనాళికలు కుళాయి కింద కడగడం మధ్యాహ్నం చూశాను. మా ల్యాబ్‌లో బోరునీళ్ళు. వాటిలోనూ క్లోరైడ్ ఉంటుంది, ఆ నీళ్ళకే వెండి నైట్రేట్ తెల్లగా విరుగుతుంది! అంటే పొడి ఎప్పుడో శుభ్రపడి ఉండొచ్చు, తెల్లదనం నాళికది కావచ్చు. వాడు బద్ధకించాడని అనుకున్నాను గానీ, పాపం విసిగిపోయి ఉంటాడు.

రేపు వెళ్ళగానే ముందు ఉత్త డిస్టిల్డ్ వాటర్‌లో ఒక చుక్క వెండి నైట్రేట్ వేసి చూడాలి. తర్వాత పొడిని మళ్ళీ తడిపి, ఆ నీళ్ళని కొత్త నాళికలో పరీక్షించాలి. ఈలోగా వాడు దాని మీద ఐసోప్రొపనాల్ పోయకుండా ఉండాలి. ఆరిన పొడి మీద నీళ్ళు చల్లకుండా ఆల్కహాల్ పోస్తే నిప్పంటుకోవచ్చు. ఇప్పుడే మెసేజ్ పెడతాను, పడుకున్నా పొద్దున్నే చూస్తాడు.