ముందు వైరు, తర్వాతే ఇండక్షన్ పొయ్యి

పర్లాకిమిడిలో మా ఇల్లు పాతది. ఇండక్షన్ పొయ్యి కొంటున్నానంటే అందరూ ఏ కంపెనీ అనే అడిగారు. గోడలో ఏ వైరుందో చూశాకే కొట్టుకి వెళ్లాలని నేను గట్టిగా అనుకున్నాను.

2000 వాట్ల పొయ్యి 230 వోల్టుల దగ్గర దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది. వంటింట్లో ఉన్నది మిక్సీ కోసం పెట్టిన 6 ఆంపియర్ల సాకెట్టు. విప్పి చూస్తే సన్నటి వైరు. మూడో కన్నం ఉంది గానీ దానికి లీకైన కరెంటుని నేలలోకి పంపే ఎర్త్ తీగే లేదు. కరెంటు బిల్లులో మంజూరైన లోడు 1 కిలోవాటే. అది పెంచమని ముందు దరఖాస్తు పెట్టాం.

మీటరు బోర్డు నుంచి పొయ్యికి విడిగా లైను లాగించాం. ఒక్క పొయ్యికి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు చాలు. నేను 4 చదరపు మిల్లీమీటర్లది అడిగితే కరెంటు మిస్త్రీ మావయ్య కూడా "ఇంత లావు వైరెందుకు బాబూ" అన్నారు. రేపు 3500 వాట్ల రెండు పొయ్యిల హాబ్ పెడితే 15 ఆంపియర్లు దాటుతుంది, అప్పుడు మళ్లీ గోడ తవ్వడం ఎందుకని అదే వేయించాను. ఎరుపు ఫేజుకి, నలుపు న్యూట్రలుకి, ఆకుపచ్చ ఎర్త్‌కి. లోడు మించితే కరెంటు ఆపే 16 ఆంపియర్ల ఎంసీబీ, కరెంటు లీకైతే ఆపే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, 16 ఆంపియర్ల సాకెట్టు, స్విచ్చి పెట్టాం.

ఎక్కువ శ్రద్ధ పెట్టింది ఎర్త్ మీదే. పెరట్లో నుయ్యి పక్కన గొయ్యి తీసి, జీఐ (జింకు పూత వేసిన ఇనప) పైపు దింపి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలుగా నింపాం. ఎండాకాలంలో అందులో నీళ్లు పోస్తుండాలి, మట్టి ఎండితే ఎర్త్ సరిగ్గా పనిచేయదు. తడి చేతులతో ముట్టుకునే వస్తువుకి ఇది లేకుండా వంట మొదలెట్టనివ్వకండి. ఆర్‌సీసీబీకి టెస్టు బటన్ ఉంటుంది, అప్పుడప్పుడు నొక్కి చూడాలి. నిప్పు ఎక్కువగా పుట్టేది లూజు స్క్రూ దగ్గరే. కొన్నాళ్లు వాడాక మెయిన్ ఆపి మిస్త్రీ చేత మళ్లీ బిగించుకోవాలి. వంటయ్యాక ప్లగ్గు చెయ్యి పెట్టలేనంత కాలుతుంటే వాడకం ఆపేయాలి.

ఇక పొయ్యి ఎంపిక. అయస్కాంతం అంటుకునే, అడుగు చదునైన గిన్నెలే ఇండక్షన్‌కి పనికొస్తాయి. అందుకే అయస్కాంతం పట్టుకుని అమ్మ గిన్నెలన్నీ చూశాను. సత్తు గిన్నెలకీ ఇత్తడి బిందెకీ అంటలేదు. స్టీలువాటిల్లో కొన్నింటికే అంటింది. ఇనప పెనానికి అంటింది గానీ అడుగు గుండ్రం, కాబట్టి అదీ పనికిరాదు. పాత గిన్నెలన్నిటితో వండాల్సిందే అనుకునేవాళ్లు ఇన్‌ఫ్రారెడ్ పొయ్యి చూసుకోవచ్చు, కాకపోతే పైనున్న గాజు పలక బాగా కాలుతుంది, వేడీ ఎక్కువ వృథా.

చవకరకాల్లో తక్కువ మంట పెట్టినా మంట నిజంగా తగ్గదు. పూర్తిగా వెలుగుతూ ఆరుతూ ఉంటుంది, పాలు ఒక్కసారిగా పొంగిపోతాయి. అందుకే కొట్లోనే నీళ్ల గిన్నె పెట్టించి, తక్కువలో ఎలా కాగుతుందో చూసి కొన్నాను. టచ్ కాకుండా బటన్లున్నది తీసుకున్నాం, అమ్మ చేతులు ఎప్పుడూ తడిగానే ఉంటాయి మరి. వెనక ఫ్యాను గాలికి గోడ నుంచి జానెడు ఖాళీ వదిలాం. బొద్దింకలు దూరకుండా రాత్రి ప్లగ్గు తీసి అడుగు తుడుస్తున్నాం.

లీటరు నీళ్లు మూడు నిమిషాలకి కాస్త అటూ ఇటూగా మరుగుతున్నాయి. పూర్తి మంట మీద అరగంట వాడితే ఒక యూనిట్. ఇంట్లో ఉన్న చిన్న ఇన్వర్టరు దీన్ని మోయలేదు, అందుకని గ్యాసు బండ కూడా ఉంచుకున్నాం.