ఒక గడియ మెలకువ

మట్టల ఆదివారం తర్వాత వచ్చే గురువారం రాత్రి, ప్రభు రాత్రి భోజన సంస్కారపు ఆరాధనలో మత్తయి సువార్త 26వ అధ్యాయం చదవడం మన క్రైస్తవ సంఘాల్లో చాలాచోట్ల అలవాటు. పట్టుబడే ముందు యేసు ప్రార్థించిన గెత్సేమనే తోట దగ్గరికి రాగానే ప్రసంగీకులు ఒక్క అంగలో 39వ వచనానికి చేరుకుంటారు. "నా యిష్టప్రకారము కాదు నీ చిత్తప్రకారమే కానిమ్ము." గొప్ప మాటే, కాదనను. కానీ దానికి సరిగ్గా ముందు వచనంలో ప్రభువు తన స్నేహితులను ఒకటి అడిగాడు. "మరణమగునంతగా నా ప్రాణము బహు దుఃఖములో మునిగియున్నది, మీరు ఇక్కడ నిలిచి, నాతోకూడ మెలకువగా నుండుడి." మావారికి డయాలసిస్ మొదలైనప్పటి నుంచి నా చదువు ఈ వచనం దాటి ముందుకు పోవడం లేదు.

ఆయన అడిగింది ఎంత కొంచెమో చూడండి. తుఫానును గద్దించినవాడు, లాజరును సమాధిలోంచి పిలిచినవాడు, పేతురును, జెబెదయి ఇద్దరు కుమారులను వెంటబెట్టుకుని వెళ్ళి, నా శ్రమల గిన్నెలో సగం మీరు తాగండి అనలేదు. సలహా చెప్పమనలేదు. పేతురు తనకు తోచిన సాయంగా కత్తి దూస్తే, దాన్ని ఒరలో పెట్టమన్నాడు. రాతివేత దూరంలో, నిద్రపోకుండా, తనవాళ్ళు ఉంటే చాలనుకున్నాడు.

జబ్బుపడిన మనిషికి భార్యో భర్తో అయినవారికి ఈ మాట మింగుడుపడటం కష్టం. మనకు ఏదో ఒకటి చేయాలని ఉంటుంది. ఇంకో డాక్టరు, ఇంకో ఊరు, ఇంకో ఉపవాస ప్రార్థన. రెండు మూత్రపిండాలూ పనిచేయడం మానేశాక, కొత్తది దొరికి మార్పిడి జరిగితే తప్ప, మిగిలింది డయాలసిసే. అది జబ్బును నయం చేయదు, మనిషిని నిలబెడుతుంది. అలాంటి చోట చేయడానికి పెద్దగా ఏమీ ఉండదు, ఉండటానికి మాత్రం చాలా ఉంటుంది.

వారానికి మూడుసార్లు వెళ్తాం. వెళ్ళినప్పుడల్లా ఇంచుమించు నాలుగు గంటలు పడుతుంది. చేతిలో ధమనినీ సిరనూ కలిపి కుట్టిన ఫిస్టులాలోకి రెండు సూదులు ఎక్కిస్తారు. ఒకదానిలోంచి వచ్చిన రక్తం యంత్రంలో శుభ్రపడి రెండోదానిలోంచి లోపలికి వెళ్తుంది. మొదట బరువు చూస్తారు, చివర్లో మళ్ళీ చూస్తారు. మధ్యలో ఒక్కోసారి బీపీ పడిపోతుంది, పిక్కలు పట్టేస్తాయి. తోడు వచ్చినవాళ్ళం బయట వరండాలో ఇనుప కుర్చీల్లో కూర్చుంటాం. ఒక పెద్దాయన పెదవులు కదుపుతూ హనుమాన్ చాలీసా చదువుకుంటారు. ఒక ముస్లిం తల్లి తస్బీహ్ తిప్పుతూ ఉంటుంది. నేను ఫోనులో కీర్తనల గ్రంథం తెరుచుకుంటాను. మా మధ్య మతం సంగతి ఎప్పుడూ రాలేదు. "ఇవాళ ఎంత తీశారు?" అన్నదే మా పలకరింపు. ఒంట్లోంచి తీసిన నీరు ఎంత అని దాని అర్థం. ఆ వరండాలో అందరికీ ఇది తెలిసిన భాషే.

ఇంట్లో మెలకువ ఇంకో రకం. ఫిస్టులా ఉన్నచోట వేళ్ళు ఆనిస్తే లోపల సన్నగా జుమ్మనే అదురు తెలుస్తుంది. రక్తం ఆగకుండా పారుతోందనడానికి అదే గుర్తు. రోజూ చూసుకోమని, అదురు తెలియకపోతే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి రమ్మని చెప్పారు. రాత్రి ఆయన నిద్రపోయాక నేను ఆ చేతిని తడిమి చూస్తాను. కుటుంబ ప్రార్థన అయ్యాక నేను ఒక్కదాన్నే చేసుకునే రెండో ప్రార్థన అది. దానికి మాటలు లేవు.

వంట సంగతి చెప్పాలంటే, కూరగాయలు కోసి, ఎక్కువ నీళ్ళలో ఉడకబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, అప్పుడు పోపు వేయాలి. పొటాషియం కొంతైనా పోవాలి కదా. ఉడికిన నీళ్ళు పారబోస్తే సారమంతా పోతుందని మా అమ్మ దగ్గర నేర్చుకున్నదాన్ని, ఇప్పుడు సారం పోవడం కోసమే వండుతున్నాను. రోగిని చూడటానికి ఉత్త చేతులతో వెళ్ళకూడదన్నది మన మర్యాద కాబట్టి సంఘంలోని వాళ్ళు కొబ్బరి బొండాలు, బత్తాయిలు, అరటిపళ్ళు తెస్తారు. మావారు ముట్టుకోకూడనివి ఏవో ఎవరో చీటీ రాసిచ్చినట్టు సరిగ్గా అవే తెస్తారు. పక్కింటి పిల్లలకు మాత్రం మా ఇల్లంటే మహా ఇష్టం.

అన్నిటికన్నా కష్టమైనది దాహం. ఆయనకు రోజు మొత్తానికి లీటరు లోపే. కాఫీ, మజ్జిగ, చారు అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. మన ఎండలు తెలిసినవే, శుభ శుక్రవారం వచ్చేదీ ఆ ఎండలు ముదిరే రోజుల్లోనే. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా సిలువలో పలికిన ఏడు మాటలు ధ్యానిస్తాం కదా, అయిదోది "దప్పిగొనుచున్నాను". దీని మీద నేను విన్న ప్రసంగాలన్నీ ఒకే దారిలో పోయాయి. అది ఆత్మల కోసమైన దాహమట, మన రక్షణ కోసమైన దాహమట. కావచ్చు. కానీ కొరడా దెబ్బలు తిని, రక్తం కారి, ఎండలో మేకులకు వేలాడుతున్న మనిషికి ముందు నాలుక ఎండిపోతుంది. మన దేవుడు దేహం ధరించాడని నమ్ముతూ ఆ దేహానికి వేసిన దాహాన్ని దాటేయడం నాకు సరిగా తోచదు. స్పంజీని చిరకలో, అంటే పులిసిన ద్రాక్షరసంలో ముంచి, హిస్సోపు పుడకకు తగిలించి ఆయన నోటికి అందించారని యోహాను రాశాడు. గొంతు నిండా నీళ్ళు కాదు, పెదవులు తడిసేటంత. కిందటేడు ఆ వచనం చదువుతున్నప్పుడు మావారు నా వైపు తిరిగి, "నాకు నువ్విచ్చే ఐసు ముక్క లాంటిదే" అని మెల్లగా అన్నారు. వేదిక మీదినుంచి వచ్చిన వ్యాఖ్యానాలకన్నా నాకు ఆ మాటే బాగా అర్థమైంది.

ఇంటికి వచ్చి చెప్పే మాటల గురించి కొంత చెప్పాలి. "విశ్వాసముంటే ఆ సూదులెందుకమ్మా?" అన్నవారున్నారు. స్వస్థత కూటానికి రమ్మని, వచ్చే ముందు మాత్రలు ఆపేయమని చెప్పినవారూ ఉన్నారు. సంఘపు పెద్దలు నూనె రాచి ప్రార్థించాలని యాకోబు రాసిన మాట మేము నమ్ముతాం, మా ఇంట్లో ఆ ప్రార్థన జరిగింది కూడా. అయితే అదే కొత్త నిబంధనలో రెండవ తిమోతి పత్రిక చివర ఒక చిన్న వాక్యముంది. త్రోఫిము రోగియైనందున అతన్ని మిలేతులో విడిచివచ్చానని పౌలు రాస్తాడు. ఎఫెసులో తన ఒంటిని తాకిన రుమాళ్ళు తీసుకువెళ్ళి రోగుల మీద వేస్తే రోగాలు పోయాయని ఎవరి గురించి చదువుతామో, ఆ పౌలే. త్రోఫిముకు విశ్వాసం తక్కువైందని ఒక్క ముక్క రాయలేదు. ఏ పాపం అడ్డొచ్చిందో అని ఆరా తీయలేదు. స్నేహితుడు జబ్బుతో ఉన్నాడు, అక్కడ ఉండిపోయాడు, అంతే. ఆ అంతేలో నాకు ఎంత ఊరటో!

మందు మానడం విశ్వాసమైతే మన తెలుగు నేల మీద సువార్త ఇలా వచ్చి ఉండేది కాదు. 1883లో గుంటూరు వచ్చిన అన్నా సారా కుగ్లర్ మిషనరీయే, డాక్టరే. ఆడవాళ్ళకు, పిల్లలకు ఆమె మొదలుపెట్టిన వైద్యం 1898 నాటికి ఆసుపత్రి అయింది. ఇటు నుంచి ఎంతోమంది రైలెక్కి వెళ్ళే వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రి సంగతీ అంతే. 1900లో మిషనరీ డాక్టరు ఐడా స్కడర్ ఒక్క మంచంతో ఆరంభించిన చోట 1971లో మూత్రపిండ మార్పిడి జరిగింది. డయాలసిస్ యంత్రం కథ ఇంకా ఆశ్చర్యం. జర్మన్ల ఆక్రమణలో ఉన్న నెదర్లాండ్స్‌లో, 1943లో, విల్లెం కోల్ఫ్ అనే వైద్యుడు సాసేజ్ తొడుగుగా వాడే సెల్లోఫేన్ గొట్టాలతో దాన్ని తయారు చేశాడు. మొదటి రోగుల్లో దాదాపు అందరూ చనిపోయినా ఆయన వదల్లేదు. మా వరండాలో ఆరోగ్యశ్రీ కార్డు పట్టుకుని కూర్చున్న ప్రతి ఇల్లాలి ప్రార్థనకు జవాబులో ఆయన పట్టుదల కూడా ఒక భాగమని నేను నమ్ముతాను.

మరి స్వస్థత కోసం చేసిన ప్రార్థన ఏమైనట్టు? నాకు పట్టు దొరికింది హెబ్రీ పత్రిక 5వ అధ్యాయం 7వ వచనంలో. తనను మరణం నుంచి తప్పించగలవాడికి యేసు మహా రోదనంతో, కన్నీళ్ళతో ప్రార్థించాడని, ఆయన అంగీకరింపబడ్డాడని అక్కడుంది. తొలగించమని ఆయన అడిగిన గిన్నె తొలగలేదు, అయినా ప్రార్థన అంగీకరించబడిందట. దీన్ని విడమరిచి చెప్పగల వేదాంతం నా దగ్గర లేదు. "మీ ప్రార్థన వినబడలేదు" అని మాత్రం ఇకమీదట ఎవరూ మా గుమ్మంలో నిలబడి అనలేరు.

ఆ తోటలో ఇంకో సంగతి చాలాకాలం నా కంట పడలేదు. ప్రభువు ప్రార్థన మధ్యలో లేచి వచ్చి వాళ్ళను చూశాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. చెమట రక్తపు బిందువుల్లా పడుతున్న వేళ తన స్నేహితులు ఎలా ఉన్నారో చూసుకోవడానికి వచ్చాడు. "ఒక గడియయైనను నాతోకూడ మేల్కొనియుండలేరా?" అన్న మాటలో నొప్పి ఉంది. ఆ వెంటనే వాళ్ళ తరఫున మాట్లాడినవాడూ ఆయనే: "ఆత్మ సిద్ధమే గాని శరీరము బలహీనము." డయాలసిస్ అయ్యాక మావారు నిలబడలేరు, గోడ పట్టుకుని నడుస్తారు. అలా నడుస్తూనే ముందు అడిగేది, "నువ్వు తిన్నావా?" అని. జబ్బు ఆయనది, కాపలా నాది అని నేను అనుకుంటూ ఉంటాను గానీ, కాపలా రెండువైపులా నడుస్తోంది.

శిష్యుల నిద్రకు కారణం రాసింది లూకా ఒక్కడే. "దుఃఖముచేత" నిద్రించారట. ఆయన వైద్యుడని కొలొస్సయుల పత్రిక చెబుతోంది. మత్తయికీ మార్కుకీ వాళ్ళ కళ్ళ బరువు కనబడింది, వైద్యుడికి ఆ బరువు ఎక్కడిదో కనబడింది. సోమరితనం కాదు, లెక్కలేనితనం కాదు, దుఃఖం. పగలంతా ఆసుపత్రిలో కూర్చుని, రాత్రి బైబిలు తెరిచి రెండో వచనానికే కునుకుతున్న భార్యలూ భర్తలూ మన సంఘాల్లో ఎందరో ఉన్నారు. వాళ్ళు ఆదివారం రాకపోతే "ఆత్మీయంగా చల్లబడ్డారు" అనే ముందు ఒకసారి లూకాను అడగాలి. బదరీచెట్టు కింద చావు కోరుకున్న ఏలీయా ప్రవక్తకు దేవదూత ప్రసంగం చేయలేదు. రొట్టె, నీళ్ళు పెట్టాడు, మళ్ళీ పడుకోనిచ్చాడు. హోరేబు కొండ, అక్కడ వినబడిన దేవుని మెల్లని స్వరం, అవన్నీ తర్వాతి సంగతులు.

ఈ ఏడు మా వంతు శుక్రవారం పన్నెండింటికే పడింది. పండగని యంత్రం ఆగదు కదా. మా సంఘంలో ఒక అక్క సంగతి తెలిసి ఫోను చేసింది. "ఆ నాలుగు గంటలు అన్నయ్య దగ్గర నేనుంటాను, నువ్వు గుడికి వెళ్ళి ఏడు మాటలూ విని రా" అంది. బొండాం తెస్తానని అనలేదు, స్తోత్రం! మావారిని అడిగితే వెంటనే సరేనన్నారు. అక్కకు మళ్ళీ ఫోను చేసి, తప్పకుండా రమ్మన్నాను. నేను మాత్రం గుడికి కాదు, ఇంటికి వెళ్ళి తలుపు వేసుకుని పడుకుంటానని చెప్పాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఫోను కూడా ఆపేసి పడుకో" అంది.