గట్టు మీది ఎండ్రకాయ, గుంటలోని రొయ్య

ఇందుకూరుపేట మండలంలో మా బంధువుల రొయ్యల గుంటల చుట్టూ ఎండ్రకాయలు లోపలికి రాకుండా వల కంచె కట్టి ఉంటుంది. 1990ల మధ్యలో తెల్లమచ్చ వైరస్ మన తీరాన్ని తాకినప్పుడు, టైగర్ రొయ్యలు కొద్ది రోజుల్లోనే గుంటలకు గుంటలు చచ్చిపోవడం చిన్నతనంలో చూశాను. అదే వైరస్‌ను మోసే ఎండ్రకాయలు మాత్రం చాలావరకు చావకుండా గట్ల మీద తిరుగుతూనే ఉంటాయి. ఒకరికి చావైనది మరొకరికి సహవాసం ఎలా అయిందన్న ప్రశ్న నన్ను ఎన్నడూ వదలలేదు.

వైరస్ శాస్త్రవేత్త లూయిస్ విల్లారియల్ ఆలోచనలు చదివినప్పుడు ఆ ప్రశ్నకు ఒక దారి కనిపించింది. జీవిలో చంపకుండా స్థిరపడిన వైరసే ‘మనవాళ్లు, పరాయివాళ్లు’ అనే గీతను గీయగలదని ఆయన వాదన.

దీనికి నాకు అన్నిటికంటే బలమైన ఉదాహరణగా తోచేది 1951 నాటిది. 1922 నుంచి ప్రయోగశాలల్లో పెరుగుతున్న ఈ.కోలై కె-12 అనే బ్యాక్టీరియా తన జన్యువుల్లో లాంబ్డా అనే వైరస్‌ను దాచుకొని ఉన్నదని అంతకాలం ఎవరికీ తెలియలేదు. ఎందుకంటే దానిని మోసేవన్నీ దాని దాడి నుంచి రక్షణ కూడా పొందుతాయి. ఆ వైరస్‌ను పోగొట్టుకున్న బ్యాక్టీరియాను అసలు వాటితో కలిపి పెంచినప్పుడు, పోగొట్టుకున్నవి పగిలి చావడం అమెరికా శాస్త్రవేత్త ఎస్తర్ లెడర్‌బర్గ్ కంటపడింది. రెండు గుంపులు ఎదురుపడేవరకు గుంపు గుర్తు బయటపడలేదన్నమాట.

పీ1 అనే మరో వైరస్ ఇంకా కఠినమైనది. అది తాను నివసించే బ్యాక్టీరియాలో ఎక్కువకాలం నిలిచే విషాన్నీ, త్వరగా నశించే విరుగుడునూ కలిపి తయారుచేయిస్తుంది. కణం విభజన చెందినప్పుడు వైరస్ అందని పిల్లకణంలో విరుగుడు ముందుగా అయిపోయి, మిగిలిన విషం దానిని చంపుతుంది. విల్లారియల్ దీనిని వ్యసనంతో పోల్చారు. నాకది సరైన పోలికే అనిపిస్తుంది.

మన విషయానికి వస్తే, మానవ జన్యుపదార్థంలో దాదాపు 8 శాతం ప్రాచీన రెట్రోవైరస్‌ల (తమ జన్యువులను జీవి జన్యువుల్లో చేర్చే వైరస్‌ల) అవశేషమే. గర్భంలో మాయ (ప్లాసెంటా) ఏర్పడటంలో కణాలను కలిపే సిన్‌సిటిన్ అనే ప్రోటీన్ కూడా అటువంటి వైరస్ జన్యువు నుంచి వచ్చినదేనని 2000లో తేలింది. తల్లీబిడ్డల బంధంలో ఒకనాటి వైరస్‌కు పాత్ర ఉన్నదంటే నమ్ముతాను. అయితే అక్కడి నుంచి మనుషుల కులాలకూ మతాలకూ భాషలకూ ఈ వాదాన్ని సాగదీయడానికి నేను ఒప్పుకోను; అవి నేర్చుకున్న గీతలు, వారసత్వంగా జన్యువుల్లో వచ్చినవి కావు.

2009లో వనామి అనే విదేశీ రొయ్య రకం పెంపకానికి అనుమతి వచ్చిన తరువాత, ఫలానా ఫలానా వైరస్‌లు లేవని పరీక్షించిన తల్లి రొయ్యల నుంచి తీసిన సీడ్‌నే (రొయ్య పిల్లలనే) మా వాళ్లు గుంటలో వదులుతున్నారు. వైరస్ లేకపోవడం వేరు, దానిని తట్టుకోవడం వేరు. లాంబ్డాను పోగొట్టుకున్న ఆ బ్యాక్టీరియా వంటివే ఈ రొయ్యలు కూడా. అందుకే సీడ్ వదలడానికి ముందు మా బావ గట్టంతా తిరిగి, వలలో ఎండ్రకాయ దూరేంత చిరుగు ఎక్కడైనా ఉన్నదేమోనని చేత్తో తడిమి చూస్తాడు.